లెక్కల అయ్యవారు మిగిల్చిన శేషం
(ప్లాటినం ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక పాఠశాల ప్లాటినం ఉత్సవం జరుపుకొంటున్నదంటే, మూడు తరాల పిల్లలు దాని గడప దాటి లోపలికి వచ్చి, ఎంతో కొంత వెలుగుతో బయటికి వెళ్ళారని అర్థం. ఇటువంటి సభలలో పాత మిత్రులు కలిసినప్పుడు ముందుగా తలపుకు వచ్చేవారిలో లెక్కల అయ్యవారు తప్పక ఉంటారు. ఆయన బెత్తాన్ని తలచుకొనేవారు కొందరు, ఆయన భుజం తట్టిన రోజును తలచుకొనేవారు కొందరు. ఆయన చెప్పిన సూత్రాలలో సగం ఈనాడు ఎవరికీ గుర్తుండవు. అయినా ఆయన గుర్తుంటారు. సూత్రం మరచిపోయిన తరువాత కూడా శిష్యునిలో మిగిలి ఉండే ఆ శేషం ఏమిటన్నదే ఈ ప్రసంగ విషయం.

గురువును గురించి మాట్లాడడానికి తిరుత్తణికి మించిన తావు లేదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న ఈ తిరుత్తణి ప్రాంతంలో, తెలుగు కుటుంబంలో జన్మించారు. తిరుత్తణి, తిరుపతి, వేలూరులలో చదివి మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. అదే కళాశాలలో చదివి ముగించిన బంధువు ఒకరు తన తత్త్వశాస్త్ర పుస్తకాలను ఇచ్చివేయడం వలన ఆ శాస్త్రమే ఆయన పాఠ్యవిషయం అయింది. పుస్తకాలు కొనలేని ఇంటి పిల్లవాని చదువు ఆ విధంగా నిర్ణయమైంది. 1962లో ఆయన రాష్ట్రపతి అయినప్పుడు, జన్మదినోత్సవం జరుపుతామని వచ్చిన శిష్యులతో దానిని ఉపాధ్యాయ దినంగా జరుపుకొనమని ఆయన చెప్పారు. నేడు దేశమంతా సెప్టెంబరు 5న గురువులను తలచుకొంటున్నదంటే ఆ తలపునకు మూలపురుషుడు ఈ నేలవాడు.

తత్త్వశాస్త్రాచార్యుని ప్రభావం శిష్యుల మాటలో వినబడుతుంది. తెలుగు పండితుని ప్రభావం శిష్యుని పద్యపఠనంలో, లేఖలో, వాక్యంలో కనబడుతుంది. గణితోపాధ్యాయుని ప్రభావం అలా పైకి తేలదు. ఆయన వద్ద చదివినవారందరూ గణితవేత్తలు కారు. ఒకరు రైతు, ఒకరు నేతగాడు, ఒకరు రైల్వే ఉద్యోగి, ఒకరు గృహిణి. వారిలో ఆయన ఎక్కడ ఉన్నాడు?

గణితానికి ఒక విశిష్ట ధర్మం ఉన్నది. తక్కిన పాఠాలలో గురువు మాటకు ప్రమాణం గ్రంథం, సంప్రదాయం, లేదా గురువు అనుభవం. గణితంలో గురువు మాటకు గురుత్వం ప్రమాణం కాదు. నల్లబల్ల మీద మూడవ మెట్టులో కూడికకు బదులు తీసివేత పడితే, ఆఖరి బల్లపై కూర్చున్న పదేళ్ల పిల్ల లేచి “అయ్యవారూ, అక్కడ తప్పు” అనవచ్చును. తప్పు తప్పే. పిల్ల చిన్నదనీ అయ్యవారు పెద్దవారనీ సమీకరణం చూడదు. పెద్దలను ధిక్కరించకుండానే సత్యం పక్షాన నిలబడే అభ్యాసం పిల్లవానికి మొదట దొరికేది లెక్కల తరగతిలోనే. ఆ పిల్లను కసరి కూర్చోబెట్టే ఉపాధ్యాయుడు సూత్రాన్ని మాత్రమే నేర్పుతాడు. “శభాష్, వచ్చి దిద్దు” అని సుద్దముక్క చేతికిచ్చే ఉపాధ్యాయుడు గణితాన్ని నేర్పుతాడు. శిష్యులు ముప్పై ఏళ్ల తరువాత కూడా ప్రేమతో తలచుకొనేది ఈ రెండవవానినే.

ఈ మాటకు నిదర్శనం ఎంతో దూరం వెదకనక్కరలేదు. ఈ తిరువళ్లూరు జిల్లాలోనే, మద్రాసుకు ఉత్తరంగా పొన్నేరి ఉన్నది. అప్పట్లో అది చెంగల్పట్టు జిల్లాలోని చిన్న ఊరు. 1940 జనవరి 2న మద్రాసులో జన్మించిన శ్రీనివాస వరదన్ తండ్రి సైన్సు ఉపాధ్యాయుడు. పొన్నేరి బోర్డు ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు అయ్యాడు. ఆ బాలుని ఉన్నత పాఠశాల చదువు ఆ ఊరిలోనే ముగిసింది. దరిమిలా వరదన్ ప్రపంచ ప్రఖ్యాత గణితవేత్త అయ్యారు. గణితంలో నోబెల్ బహుమతి లేదు గనుక దానికి సమానంగా భావింపబడే ఆబెల్ బహుమతిని 2007లో నార్వే దేశం ఆయనకు ఇచ్చింది. ఆ బహుమతి పొందిన తొలి భారతీయ సంతతి గణితవేత్త ఆయనే.

బహుమతి సందర్భంలో జరిగిన సంభాషణలో, గణితంపై మక్కువ ఎలా కలిగిందని అడిగినప్పుడు వరదన్ ముందుగా తలచుకొన్నది విశ్వవిద్యాలయాన్ని కాదు. ఉన్నత పాఠశాలలో తనకు లెక్కలు చెప్పిన ఉపాధ్యాయుని. ఆ ఉపాధ్యాయుడు చురుకైన పిల్లలను కొందరిని శని, ఆదివారాలలో తన ఇంటికి రమ్మనేవాడట. అక్కడ అదనపు లెక్కలు ఇచ్చేవాడట. వాటికి మార్కులు లేవు, పరీక్ష లేదు. పిల్లలు వాటిని బుద్ధితో ఆడే ఆటగానే భావించేవారట. చదరంగం వలె, పొడుపుకథ వలె ఆనందంగా చేయదగినది గణితమనీ, భయపడవలసినది కాదనీ తనకు ఆనాడే తోచిందని వరదన్ చెప్పారు.

ఈ మాటలలోని విశేషాన్ని ఉపాధ్యాయులు గమనించాలి. ఆ మాస్టారు ఏ గొప్ప సిద్ధాంతం చెప్పాడో వరదన్ చెప్పలేదు. ఆయన తీసివేసినది ఒక్కటే, భయం. ఇచ్చినది ఒక్కటే, ఆనందం. ఆ ఇచ్చిపుచ్చుకోవడానికి ప్రయోగశాల అవసరం లేకపోయింది. ఒక ఇంటి అరుగు, సెలవు దినం, మంచి లెక్క చాలినవి.

మంచి లెక్క అంటే ఎటువంటిది? తిరుత్తణి కొండకే ఒక లెక్క ఉన్నది. సుబ్రహ్మణ్యస్వామి సన్నిధికి ఏడాదిలోని రోజులకు సరిగా 365 మెట్లు అని ఇక్కడి పిల్లలకందరికీ తెలుసు. మొదటి మెట్టు మీద ఒక దీపం, రెండవ మెట్టు మీద రెండు, మూడవ మెట్టు మీద మూడు చొప్పున పెట్టుకొంటూ పోతే కొండ మీదికి చేరేసరికి మొత్తం ఎన్ని దీపాలు? ఒక్కొక్కటే కూడుకొంటూ పోయే పిల్లవానికి సాయంకాలమైనా తెమలదు. మొదటి మెట్టును చివరి మెట్టుతో జతచేస్తే 366. రెండవ దానిని చివరి నుండి రెండవ దానితో జతచేస్తే మళ్లీ 366. ఇటువంటి జతలు 182. నట్టనడుమ ఒంటరిగా మిగిలిన మెట్టు మీద 183 దీపాలు. మొత్తం 66,795. ఈ ఉపాయం అయ్యవారు చెబితే పిల్లవానికి సూత్రం వస్తుంది. పిల్లవాడు తానే కనిపెడితే ఆ రాత్రి నిద్ర పట్టదు. ఆ నిద్రపట్టని రాత్రే అతని అసలైన ఉపనయనం. మంచి మాస్టారు ఆ రాత్రి కోసం కాచుకొని కూర్చుంటాడు. జవాబును తన నోట రానివ్వడు.

పొన్నేరి నుండి వరదన్ తాంబరంలోని క్రైస్తవ కళాశాలకు, అక్కడి నుండి ప్రెసిడెన్సీ కళాశాలకు, 1959లో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థకు వెళ్లారు. అక్కడ ఆయనకు పరిశోధనలో మార్గదర్శి అయినవారు తెలుగువారు కల్యంపూడి రాధాకృష్ణారావు. లోకం సి.ఆర్. రావుగా ఎరిగిన మహనీయుడు. పొన్నేరి ఉపాధ్యాయుడు నాటిన మొలకకు ఒక తెలుగువాడు పాదు చేశాడన్నమాట. ఆ సిద్ధాంత వ్యాసాన్ని పరీక్షించినవారిలో సోవియట్ గణితవేత్త కొల్మొగొరోవ్ ఒకరు. సంభావ్యతా శాస్త్రానికి ఆధునిక పునాది వేసిన ఆ మహామేధావి 1963లో మాస్కోలో పిల్లల కొరకు ప్రత్యేక గణిత పాఠశాల నెలకొల్పి, బాలబాలికలకు స్వయంగా పాఠాలు చెప్పారు. పిల్లల తరగతి తన స్థాయికి తక్కువని ఆయన భావించలేదు. పాఠశాల ఉపాధ్యాయులు తమ వృత్తిని చిన్నదని అనుకొన్నప్పుడు తలచుకోవలసిన విషయమిది.

వరదన్ సాధించినదాని ఛాయను ఒక నాణెంతో చూపవచ్చును. పది సార్లు ఎగరవేసిన నాణెం పది సార్లూ బొమ్మే పడడానికి 1,024లో ఒక్క అవకాశం. ఇరవై సార్లూ బొమ్మే పడడానికి 10,48,576లో ఒక్క అవకాశం. ఎగరవేతలు రెట్టింపు అయితే అవకాశం సగం కావడం లేదు, వర్గంలో కుంచించుకుపోతున్నది. అరుదైన సంఘటనలు ఎంత వేగంగా అరుదవుతాయో, అవి జరిగినప్పుడు ఏ దారిన జరుగుతాయో కొలిచే శాస్త్రానికి వరదన్ సమగ్రరూపం ఇచ్చారు. బీమా సంస్థ ఒక్క ఏడాదిలో ఊహించనంత చెల్లింపులు చేయవలసి వస్తే దివాలా తీసే అవకాశమెంత అన్న ప్రశ్న మొదలు ఎన్నో రంగాలలో ఆ శాస్త్రం నేడు వినియోగపడుతున్నది. శని, ఆదివారాలలో పిల్లలు ఆడిన బుద్ధి క్రీడ అంత దూరం ప్రయాణించింది.

సి.ఆర్. రావు జీవితంలోనూ ఈ విషయానికి దీటైన ఘట్టం ఒకటి ఉన్నది. అందులో ఆయన గురుస్థానంలో ఉన్నారు. 1920 సెప్టెంబరు 10న హూవిన హడగలిలో జన్మించి, విశాఖపట్టణంలో చదివి, 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఏ. పట్టం పొందిన ఆయన, ఉద్యోగం వెదుక్కొంటూ కలకత్తా చేరి 1941లో గణాంక సంస్థలో ప్రవేశించారు. 1944లో, ఇరవై నాలుగేళ్లు నిండీ నిండని వయసులో, కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతున్నారు. అంచనాల కచ్చితత్వాన్ని గురించిన ఒక ఫలితాన్ని, లెక్కకు తీసుకొన్న నమూనాలు అనంతంగా పెరిగినప్పుడు వర్తించే విధంగా నిరూపించి చూపారు. అప్పుడు ఒక విద్యార్థి లేచి, పరిమితమైన నమూనాలకు దానిని ఎందుకు నిరూపించకూడదని అడిగాడు. ఆ విద్యార్థి తరువాతి కాలంలో అర్థశాస్త్రవేత్తగా ప్రసిద్ధి కెక్కిన వి.ఎం. దండేకర్. పాఠంలో లేని ప్రశ్న అది. “నీకు అక్కరలేదు, కూర్చో” అనడానికి గురువుకు ఒక్క క్షణం చాలును. రావు ఆ రాత్రి కూర్చొని ఆ ప్రశ్నను సాధించి, మరునాడు తరగతిలో నిరూపణ చూపారు. 1945లో వెలువడిన ఆ ఫలితమే గణాంకశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ నేటికీ నేర్చుకొనే క్రామెర్–రావు అసమానత. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి లభించింది. అదే ఏడాది ఆగస్టు 22న ఆయన పరమపదించారు.

పొన్నేరిలో ఒక ఉపాధ్యాయుడు శిష్యునికి భయం లేని లెక్కలు ఇచ్చాడు. కలకత్తాలో ఒక శిష్యుడు గురువుకు భయం లేని ప్రశ్న ఇచ్చాడు. రెండు సంఘటనలకూ సారం ఒక్కటే. ప్రశ్న పుట్టడానికి చోటు ఉన్న గదిలోనే గణితం పుడుతుంది. గణితోపాధ్యాయుడు శిష్యునిలో మిగిల్చిపోయే శేషం ఈ ధైర్యమే. వడ్డీ వ్యాపారి చూపిన చీటీని మళ్లీ ఒకసారి లెక్కవేసుకొనే రైతులో, చీర అంచుకు ఎన్ని పోగులు కావాలో పడుగు చూసి చెప్పే నేతగానిలో, బిడ్డ అడిగిన ప్రశ్నకు విసుగుకొనక “ఏదీ, వేసి చూద్దాం” అనే తల్లిలో ఆ అయ్యవారు జీవించి ఉన్నారు.

ఇక ఈ పాఠశాలకు ప్రత్యేకమైన మాట ఒకటి ఉన్నది. ప్రశ్న పుట్టడానికి ధైర్యం ఎంత అవసరమో భాష అంత అవసరం. తెలిసిన జవాబును పరాయి భాషలో వల్లించవచ్చును. తెలియని విషయాన్ని గురించిన సందేహం మాత్రం పిల్లవాడు అమ్మతో మాట్లాడే భాషలోనే పుడుతుంది. తెలుగు మాధ్యమ పాఠశాలలో గణితోపాధ్యాయుని పదవి ఇందువలననే బరువైనది.

తిరుత్తణి తాలూకా 1911 నుండి చిత్తూరు జిల్లాలో ఉండి, 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల సవరణలో మద్రాసు రాష్ట్రానికి వచ్చి చెంగల్పట్టు జిల్లాలో చేరింది. 1997లో తిరువళ్లూరు జిల్లా ఏర్పడింది. ఈ ప్రాంతంలో నేడు ప్లాటినం ఉత్సవం జరుపుకొనే ఏ తెలుగు పాఠశాల అయినా ఈ మార్పులన్నిటినీ కళ్లారా చూసినదే. జిల్లా మారింది, రాష్ట్రం మారింది. ఏడు ఎనిమిదులు యాభై ఆరు అన్నది మారలేదు. దానిని ఈ గోడల మధ్య తెలుగులో వల్లించే గొంతులు మాత్రం మారుతూ, కొనసాగుతూ వచ్చాయి.

ఆ గొంతుల వెనుక పెద్ద సంపద ఉన్నది. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని సుమారు 11వ శతాబ్దిలోనే పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. గణితం తెలుగుకు కొత్త చుట్టం కాదు. బడికి పోని తెలుగువారి నాలుక మీద కూడా భిన్నాలు ఆడుతూ ఉండేవి. 1957లో దశాంశ నాణేలు రాకముందు రూపాయికి పదహారు అణాలు. అర్ధరూపాయి, దానిలో సగం పావలా, దానిలో సగం బేడ, దానిలో సగం అణా. ఈ నాలుగింటినీ కూడితే పదిహేను అణాలు. రూపాయికి ఒక్క అణా తక్కువ. అర్ధణా చేర్చితే అర్ధణా తక్కువ. సగానికి సగం చేర్చుకొంటూ ఎంత దూరం పోయినా రూపాయికి చేరువ అవుతామే గాని దాటము. ఉన్నత తరగతులలో అనంత గుణశ్రేఢి అనే పేరుతో వచ్చే పాఠం ఇదే. అవ్వ కొంగుముడిలోని చిల్లరతో ఆ పాఠాన్ని ముడివేయగల ఉపాధ్యాయునికి ఆ పిల్లల భాష, ఆ ఇళ్ల భాష తెలిసి ఉండాలి.

ఈ ప్రాంతపు పిల్లవాడు నేడు ఒక్క భాషతో సరిపెట్టుకోలేడు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ప్రకారం 2006–07లో ఒకటవ తరగతితో మొదలై దశలవారీగా తమిళం తప్పనిసరి అయింది. పై చదువుకు ఆంగ్లం కావాలి. ఇంట్లో తెలుగు. ఈ మూడింటి నడుమ పిల్లవాడు నలగకుండా వంతెన వేయవలసినవాడు కూడా ఉపాధ్యాయుడే. తెలుగులోని భిన్నమే తమిళంలో పిన్నం. తెలుగులోని త్రికోణమే అక్కడ ముక్కోణం. భావం ఒకసారి తల్లిభాషలో స్థిరపడితే పేర్లు ఎన్నయినా దానికి తగిలించవచ్చును. భావమే కుదరనిచోట ఏ భాషలోని పేరైనా నోటికి బరువే.

గణితం నిచ్చెన వంటిది. చరిత్రలో ఒక పాఠం తప్పిపోయినా తరువాతి పాఠం అర్థమవుతుంది. గణితంలో భిన్నాల మెట్టు విరిగితే బీజగణితం మెట్టు అందదు; బీజగణితం అందకపోతే త్రికోణమితి కనబడను కూడా కనబడదు. ఆరవ తరగతిలో ఒక్క ఏడాది లెక్కల ఉపాధ్యాయుడు లేకపోతే, ఆ నష్టం పదవ తరగతిలో పిల్లవాని తెలివితక్కువతనంగా లెక్కింపబడుతుంది. తప్పు ఖాళీ కుర్చీది, శిక్ష పిల్లవానికి. పాఠశాల భవనానికి రంగులు వేయడం ఒక ఏడాది ఆలస్యమైనా నష్టం లేదు. లెక్కల అయ్యవారి స్థానం ఒక్క నెల ఖాళీగా ఉన్నా నష్టమే. తెలుగులో గణితం చెప్పగల యువతీయువకులు ఈ తాలూకాల నుండే తయారు కాకపోతే, రేపటి ఖాళీని నింపేవారు మరెక్కడి నుండో రారు.

గురువులకు శాలువా కప్పడం మంచి సంప్రదాయమే. కాని లెక్కల అయ్యవారికి శిష్యులు చెల్లించవలసిన ఋణం శాలువాతో తీరదు. పొన్నేరి ఉపాధ్యాయుడు చేసినది ఇక్కడ చేయడానికి కావలసినవి ఒక గది, ఒక నల్లబల్ల, సెలవు దినం, ముచ్చటగా నాలుగు లెక్కలు. లెక్క తెలిసిన పూర్వ విద్యార్థులు నెలకు ఒక శనివారం వంతులవారీగా ఈ గదికి ఇస్తే, మార్కులు లేని, భయం లేని గణితం ఈ పిల్లలకు తెలుగులోనే అందుతుంది. మొదటి వరుసలోని పిల్లలకే గాక ఆఖరి బల్లపై ఉన్నవారికీ, మగపిల్లలతో సమానంగా ఆడపిల్లలకూ ఆ గది తలుపులు తెరచి ఉండాలి. ఏ బల్ల మీది నుండి ఏ ప్రశ్న లేచి ఏ రాత్రి ఎవరికి నిద్ర లేకుండా చేస్తుందో ముందుగా లెక్కించే సూత్రాన్ని గణితం ఇంకా కనిపెట్టలేదు.

భాగహారంలో శేషం సున్న వస్తే పిల్లలు సంతోషిస్తారు. గురువుల విషయంలో శేషం సున్న కారాదు. ఆయన పదవీ విరమణ చేసినా, గతించినా, ఆయన పేరు సైతం కొందరు మరచినా, అడగగలిగిన ధైర్యం, వేసి చూసుకొనే అలవాటు శిష్యులలో మిగలాలి. ఈ డెబ్బై అయిదేళ్లలో ఈ గదులలో సుద్దముక్క పట్టిన ప్రతి లెక్కల అయ్యవారికీ ఈ సభ పక్షాన వందనం. తరువాతి డెబ్బై అయిదేళ్లలో ఆ సుద్దముక్క అందుకొనేవారు ఈ సభలోనే, ఆఖరి బల్లలలో కూర్చొని ఉందురు గాక.

స్వస్తి.